ఇంట తెలుగు, బడిలో కన్నడం, పరీక్షలో ఇంగ్లీషు

మార్చి వచ్చిందంటే కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు ఊళ్ళలోనూ జిరాక్స్ అంగళ్ళ ముందు ఒకే రకం కాగితాలు చేతులు మారుతుంటాయి. సెకండ్ పియుసి (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) ఫిజిక్స్ మోడల్ పేపర్లు, పోయినేడాది పేపర్లు, ‘ఇంపార్టెంట్ డెరివేషన్స్’ అని పైన రాసిన నాలుగు పుటలు, చిన్న అక్షరాలతో కుక్కిన సూత్రాల పట్టిక. ఏమి చదవాలో ఈ ఊళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. చదివినా ఎందుకు రావడం లేదో చెప్పేవాళ్ళు తక్కువ. “అన్నీ చదివినా సార్, పేపర్లో చూస్తే ఏదీ తెలీలే” అన్న మాట నేను విన్నన్ని సార్లు ఇంకే మాటా వినలేదు. అలా అన్నవాళ్ళలో సోమరులు చాలా కొద్దిమంది. తెల్లవారుజామునే లేచి, డెయిరీలో పాలు పోసి, పల్లె బస్సు పట్టుకుని కాలేజీకొచ్చే పిల్లలే ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పిల్లలకు ఫిజిక్స్ ఎంతో కొంత తెలుసు. తెలిసినది ఇంటి తెలుగులో ఉంది. పదో తరగతి దాకా చదివినది కన్నడంలో ఉంది. పియు కాలేజీలో విన్నదీ, పరీక్షలో రాయవలసినదీ ఇంగ్లీషులో ఉంది. ఈ మూడింటినీ ఒకచోటికి తెచ్చే పని ఏ టైంటేబుల్లోనూ లేదు. కోచింగ్, గైడ్లు, యూట్యూబ్ పాఠాలు అన్నీ ఆ ఖాళీకి అవతలి గట్టు నుంచే మొదలవుతాయి.

ముందు పరీక్షల సంగతి చూద్దాం. ఒకే పుస్తకం చదివిన పిల్ల మూడు నాలుగు పరీక్షలు రాయాలి, వాటి స్వభావాలేమో ఒకదానితో ఒకటి పొసగవు. బోర్డు పరీక్షలో థియరీకి 70, ప్రాక్టికల్‌కు 30 మార్కులు. ఈమధ్య సంవత్సరాల నమూనాలో ఆ 70లో 20 ఒక్క మార్కు ప్రశ్నలవి, 25 రెండు మూడు మార్కుల ప్రశ్నలవి, 15 అయిదు మార్కుల పెద్ద జవాబులవి. లెక్కల కోసం విడిగా పెట్టినవి 10 మార్కులు. అంటే డెరివేషన్లు బట్టీ పట్టి, లెక్కల జోలికి వెళ్ళకపోయినా మంచి మార్కులతో గట్టెక్కవచ్చు. పిల్లలు ఈ సంగతి ఎంత బాగా కనిపెట్టారంటే, ఫిజిక్స్ చదవడమంటే డెరివేషన్లు రాసి చూసుకోవడమేనని నమ్మకం కుదిరిపోయింది.

మరుసటి నెలలో కర్ణాటక ప్రవేశ పరీక్ష సిఇటి వస్తుంది. అక్కడ ఫిజిక్స్‌కు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 80 సెకన్లు. కాలిక్యులేటర్ ఉండదు, తప్పుకు మార్కు కోత కూడా ఉండదు. ఇంజనీరింగ్ ర్యాంకులో సగం బోర్డు మార్కులు, సగం సిఇటి మార్కులు. సిఇటిలో ఫస్ట్ పియుసి పాఠాలూ అడుగుతారు. బలం, పని, భ్రమణం, గురుత్వాకర్షణ, ఉష్ణం, తరంగాలు ఆ ఏడాదివే. ఫస్ట్ పియుసి మార్కులతో ఏ ర్యాంకూ రాదు కాబట్టి ఆ ఏడాదిని చాలామంది ఊపిరి పీల్చుకునే ఏడాదిగా గడిపేస్తారు. తర్వాత సెకండ్ పియుసిలో అయస్కాంత క్షేత్రంలో వృత్తంలో తిరిగే ఎలక్ట్రాన్ లెక్క వచ్చినప్పుడు, అభికేంద్ర బలం దగ్గరే కాలు జారుతుంది. నా దృష్టిలో మూడు తాలూకాల పిల్లలకూ ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ పోయిన ఏడాదే.

నీట్ దారి వేరు. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, వాటిలో ఫిజిక్స్ 45. సరైనదానికి 4 మార్కులు, తప్పుకు 1 కోత. బయాలజీ పుస్తకం మొత్తం నోటికొచ్చిన పిల్లలు కూడా ఈ 45 దగ్గర వెనకబడిపోతారు. జెఇఇ మెయిన్‌లో ఫిజిక్స్‌కు 25 ప్రశ్నలు. సరిహద్దు దాటి ఆంధ్రలో ఇంటర్ చేసే పిల్లలకు ఇఎపిసెట్ ఉంది, అందులో 160కి 40. బాగేపల్లి నుంచి హిందూపురం, చింతామణి నుంచి మదనపల్లె దూరమేమీ కాదు. అక్కడ తెలుగు వినిపిస్తుందని పంపే తల్లిదండ్రులున్నారు. వినిపించేది మాట వరకే. పుస్తకం అక్కడా ఎక్కువగా ఇంగ్లీషే, తరగతిలో జరిగేది అక్కడా సూత్రాల పరుగే.

2024 నుంచి సెకండ్ పియుసికి ఏడాదిలో ఒకటికి మించి పరీక్షలు పెట్టి, వచ్చిన వాటిలో మంచి మార్కులే తీసుకుంటున్నారు. ఇది పల్లె పిల్లలకు నిజమైన మేలు. ఒక జ్వరానికో, ఇంట్లో ఒక చావుకో ఏడాది మొత్తం పోయే రోజులు గడిచాయి. అదే 2024లో సిఇటి మాత్రం పిల్లలను బాగా కలవరపెట్టింది. ఎన్‌సిఇఆర్‌టి తగ్గించిన పాఠ్యభాగం నుంచి కూడా ప్రశ్నలు రావడంతో గొడవ జరిగి, చివరికి నాలుగు సబ్జెక్టుల్లో కలిపి 50 ప్రశ్నలను లెక్కలోంచి తీసేశారు. వాటిలో 9 ఫిజిక్స్‌వి. ఇప్పటికీ చేతులు మారుతున్న పాత గైడ్లలో తీసేసిన పాఠాలు అలాగే ఉన్నాయి. కొత్త పుస్తకం విషయసూచిక ముందు పెట్టుకుని గైడు పుటలు కొట్టేయడం ఒక సాయంత్రం పని. ఆ పని చేసిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కన్నడ, తెలుగు శాస్త్ర పరిభాషలు రెండూ ఎక్కువగా సంస్కృతం నుంచే వచ్చాయి కాబట్టి పిల్లలకు ఇబ్బంది లేదని పైనుంచి చూసేవాళ్ళు అనుకుంటారు. కొన్ని మాటలు నిజంగానే కలుస్తాయి. బల, జడత్వ, ద్రవ్యరాశి, సాంద్రత, వక్రీభవన వంటివి చివరి అక్షరం మారితే తెలుగే. కొన్ని కలవవు. మనం త్వరణం అంటే కన్నడం వేగోత్కర్ష అంటుంది. మన ద్రవ్యవేగం అక్కడ సంవేగ. మన కటకం అక్కడ మసూర, మన పరావర్తనం అక్కడ ప్రతిఫలన. మన నిరోధం అక్కడ రోధ. ప్రతిఫలన అనగానే తెలుగు చెవికి కాంతి గుర్తురాదు, కూలి గుర్తొస్తుంది. చిక్కల్లా పైకి తేలిగ్గా కనిపించే మాటలతోనే. వేగ, జవ రెండూ కన్నడంలో వేరు వేరు. ఇంటి తెలుగులో స్పీడు ఒక్కటే. వడి, వేగం అన్న తేడా మన పుస్తకాల్లో ఉందిగానీ బాగేపల్లి పిల్ల తెలుగు పుస్తకం చదవలేదు. పదో తరగతి దాకా దిశతో సంబంధం ఉన్నదేదో లేనిదేదో తేల్చుకోని పిల్లకు ఫస్ట్ పియుసిలో వెక్టార్లు మొదటి వారంలోనే ఎదురవుతాయి, అదీ ఇంగ్లీషులో.

బోర్డు ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు పక్కన కన్నడం కూడా ముద్రిస్తారు. మంచి ఉద్దేశమే. అయితే రెండేళ్ళు ‘ఇండ్యూస్డ్ ఇఎంఎఫ్’ అని విన్న పిల్లకు ‘ప్రేరిత విద్యుచ్ఛాలక బల’ అనే మాట పరీక్ష హాల్లో మొదటిసారి కనబడితే ఏం లాభం? నీట్‌కు 13 భాషల్లో ప్రశ్నపత్రం ఉంది. వాటిలో తెలుగు ఉంది, కానీ ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే. కర్ణాటక కేంద్రాల్లో కన్నడం దొరుకుతుంది. బాగేపల్లి పిల్లకు తెలుగు పత్రం ఇచ్చినా చదవలేదన్నది వేరే సంగతి. ఆమె తెలుగు చెవిది, నోటిది. కంటిది కాదు.

ఆ నోటి తెలుగులో ఎంత ఫిజిక్స్ ఉందో చెప్పాలంటే బోరు బావి దగ్గరికి వెళ్ళాలి. శాశ్వత నది లేని జిల్లా ఇది. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ కొత్త కాదు. అంత లోతున నీళ్ళుంటే పైనుంచి పీల్చే పంపు పనికిరాదని రైతు కొడుక్కి తెలుసు. పీల్చడమంటే గాలి పీడనం కిందనుంచి నెట్టడమే, ఆ నెట్టుడు 34 అడుగులకు మించి నీటిని ఎక్కించలేదని మాత్రం తెలియదు. అందుకే మోటారును నీళ్ళలోకే దించి కిందనుంచి తోయించాలి. 1,000 అడుగులంటే సుమారు 305 మీటర్లు. ఒక లీటరు నీటిని అంత ఎత్తు తేవడానికి పని 1 × 9.8 × 305, దాదాపు 3,000 జౌళ్ళు. 10 హెచ్‌పి మోటారు సామర్థ్యం 7,460 వాట్లు. నష్టమేమీ లేకపోతే సెకనుకు రెండున్నర లీటర్లు రావాలి. దక్షత సగమే అనుకుంటే లీటరుంబావు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి 13 నిమిషాలు. అంత నీటి స్తంభం అడుగున పీడనం గాలి పీడనానికి సుమారు 29 రెట్లు. పైపు ఎక్కడ పగులుతుందో, ఎందుకు అడుగుభాగంలో గట్టి పైపు వేస్తారో అడగండి, పిల్ల చెబుతుంది. అదే సంగతిని ‘ఒక ద్రవస్తంభం ఎత్తు హెచ్ అయిన’ అని మొదలుపెట్టి అడగండి, నోరు పెగలదు.

చింతామణిలో మోటారు వైండింగ్ అంగళ్ళున్నాయి. ఒక అంగడి పిల్లవాడు సెకండ్ పియుసి చదువుతూ, సాయంత్రాలు తండ్రికి రాగి తీగ చుట్టిపెట్టేవాడు. వోల్టేజీ తగ్గితే మోటారు ఎందుకు కాలుతుందని అడిగాను. “తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతుంది సార్, సుట్ట మాడిపోతుంది” అన్నాడు. పుస్తకంలో ఉన్నది అదే. తిరిగే మోటారులో సరఫరాకు ఎదురుగా ఒక విద్యుచ్ఛాలక బలం పుడుతుంది, కరెంటును అదుపులో పెట్టేది అదే. తిరుగుడు తగ్గితే ఆ ఎదురు తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోయినప్పుడు రైతులు కండెన్సర్ పెట్టి మోటారు నడిపించడం కూడా వాడికి తెలుసు. కెపాసిటర్‌లో కరెంటు వోల్టేజీ కంటే 90 డిగ్రీలు ముందుంటుందన్న పాఠాన్ని మాత్రం అదే వారం బట్టీ పడుతున్నాడు. రెండూ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పుస్తకం తీసి ఆ బొమ్మ మళ్ళీ చూసుకున్నాడు.

ఇలా చెప్పడం ‘స్థానిక ఉదాహరణలు’ చేర్చమని సలహా ఇవ్వడం కాదు. ఉదాహరణ పాఠానికి అలంకారం. ఇక్కడ పాఠమే పిల్ల ఇంట్లో ఉంది, పుస్తకం దానికి పేరు పెడుతోంది అంతే.

బయటి పరిశోధనలు కూడా ఈ మాటకు బలమిస్తున్నాయి. 1992లో అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ హెస్టెనిస్, ఆయన సహచరులు ఒక పరీక్ష తయారుచేశారు. లెక్కలు లేవు, రోజువారీ మాటల్లో బలం గురించిన ప్రశ్నలు మాత్రమే. మామూలు లెక్కలు చేయగలిగిన కాలేజీ పిల్లలు కూడా, కదులుతున్న వస్తువు మీద కదిలే దిక్కులో బలం ఉండి తీరాలనే పాత నమ్మకాన్ని వదల్లేదని దానితో బయటపడింది. పైకి విసిరిన రాయి మీద పైకి ఏ బలం ఉందని మన పిల్లలను అడిగి చూడండి. చెయ్యి విడిచిన తర్వాత కూడా చెయ్యి బలం రాయితో పోతోందనే ఎక్కువమంది చెబుతారు. ఆ నమ్మకం తెలుగులో ఉంది. ఇంగ్లీషులో నేర్చిన న్యూటన్ నియమం దాని పక్కన కూర్చుందిగానీ దాన్ని లేపలేదు. తెలుగులో ఉన్న తప్పును తెలుగులోనే బయటికి తీయాలి.

అమెరికాలో హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయిలో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఫిజిక్స్ పరీక్షలో సూత్రాల పట్టిక ప్రశ్నపత్రంతోపాటే ఇస్తారు, కాలిక్యులేటర్ కూడా వాడనిస్తారు. అక్కడ మార్కులు పోయేది వేరేచోట. ఎందుకలా జరుగుతుందో వాక్యాల్లో సమర్థించమంటారు. మన దగ్గర సూత్రం గుర్తుంచుకోవడమే చదువు సగం. పరీక్షను మనం మార్చలేం. తయారీని మాత్రం ఆ రెండో రకంగా చేసుకోవచ్చు, చేసుకుంటే మొదటి రకం పరీక్షలోనూ లాభమే. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సంగతి తేల్చారు. చదివినదాన్నే మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పరీక్ష ముందురాత్రి నాలుగు పుటల జిరాక్స్ తిరగేయడం ఎందుకంత ధైర్యమిస్తుందో, సిఇటి నాటికి ఆ ధైర్యం ఎటు పోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కోచింగ్ గురించి కొద్దిగా. డబ్బున్నవాళ్ళు బెంగళూరు పంపుతారు, లేనివాళ్ళు ఊళ్ళో ట్యూషన్ చేరతారు. మంచి లెక్చరర్లు రెండుచోట్లా ఉన్నారు. సాయంత్రం ట్యూషన్ ముగిసేసరికి పల్లెకు ఆఖరి బస్సు పోతుంది, ఆడపిల్లలు మానేస్తారు. ఆ నష్టాన్ని ఫోనులోని పాఠాలు కొంత పూడుస్తున్నాయి. కానీ ఫోనులోని మాస్టారు ఎదురు ప్రశ్న వేయడు.

ప్రాక్టికల్స్ విషయంలో నా బాధ ఎక్కువ. 30 మార్కులూ దాదాపు అందరికీ వస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మీటర్ బ్రిడ్జి, కటకం నాభ్యంతరం, డయోడ్ గ్రాఫు రికార్డులో అందంగా ఉంటాయి. గ్రాఫు వాలు ఏ పరిమాణాన్ని చెబుతుందని సిఇటిలో ఒక ప్రశ్న వస్తే, గీసిన చెయ్యే ఆగిపోతుంది. తీగను తానే బిగించి, సూది తప్పు దిక్కుకు తిరిగితే కారణం తానే వెతుక్కున్న పిల్లకు వీట్‌స్టోన్ బ్రిడ్జి మళ్ళీ చదవాల్సిన పని ఉండదు.

ఈ గడ్డమీద ఫిజిక్స్ పరాయిది కాదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. గౌరిబిదనూరు దగ్గర హొసూరులో 1920లో ఒక పేద కుటుంబంలో పుట్టిన హెచ్. నరసింహయ్య 1935లో హైస్కూలు చదువు కోసం బెంగళూరుకు నడిచి వెళ్ళారు. ఫిజిక్స్ చదివి నేషనల్ కాలేజీలో లెక్చరరయ్యారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి, తిరిగి అదే కాలేజీకి వచ్చారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టి మామూలు జనానికి శాస్త్రజ్ఞుల చేత ఉపన్యాసాలు ఇప్పించారు. 1972 నుంచి 1977 దాకా బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. ఆయన పనిచేసిన నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ కాలేజీయే బాగేపల్లిలోనూ ఉంది. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దగా కనబడేది ప్రశ్న అడగమని పిల్లల వెంటపడటం.

గౌరిబిదనూరు దగ్గరే 1965 నుంచి భూకంప తరంగాలను పట్టే పరికరాల వరస ఉంది, దూరదేశాల్లో భూమిలోపల పేల్చే అణుపరీక్షల కదలికలను కూడా అది వింటుంది. 1976 నాటి రేడియో టెలిస్కోపు కూడా అక్కడే. 1,000 డైపోల్ ఏంటెన్నాలు టి ఆకారంలో పరిచి 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని విన్నది. కాంతివేగాన్ని ఆ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 8.7 మీటర్లు వస్తుంది, ఒక బస్సు పొడవు కంటే కాస్త తక్కువ. ఏంటెన్నాలు కిలోమీటరు దాటి ఎందుకు పరచాల్సి వచ్చిందో వివర్తనం పాఠం చదివిన పిల్ల తానే చెప్పగలదు. చిక్కబళ్ళాపురం పిల్లలు కిటికీలోంచి చూసే నందికొండ 1,478 మీటర్ల ఎత్తు. అక్కడ గురుత్వ త్వరణం ఎంత తగ్గుతుందో లెక్కవేస్తే పదివేలలో అయిదు వంతులైనా ఉండదు. నీరు మాత్రం 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఈ లెక్కలేవీ పోటీ పరీక్ష బయటివి కావు.

కొందరు లెక్చరర్లు నాతో వాదిస్తారు. తరగతిలో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు ఇంకా పాడవుతుందంటారు. వాళ్ళ భయంలో నిజముంది. ఇంకొక చిక్కు కూడా ఉంది, అదే బెంచీ మీద ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్ల కూర్చుంటారు. అందుకే ఈ పని లెక్చరర్ నోటితో కంటే పిల్లల నోళ్ళతో జరగాలంటాను. పాఠం అయ్యాక పది నిమిషాలు పక్కనున్నవాళ్ళకు ఇంటి మాటలో చెప్పుకోవాలి. తర్వాత అదే సంగతిని ఇంగ్లీషులో రెండు వాక్యాలు పుస్తకం చూడకుండా రాయాలి. ఆఖరి మెట్టు ఎప్పుడూ ఇంగ్లీషే కావాలి, ఎందుకంటే మార్కు అక్కడే ఉంది. లెక్కల్లోనూ అంతే, సూత్రం వెతికే ముందు జవాబు పెద్దదా చిన్నదా, ఏ ప్రమాణంలో వస్తుంది అని నోటితో అంచనా చెప్పించాలి. కాలిక్యులేటర్ లేని 80 సెకన్లలో పనికొచ్చేది ఆ అంచనాయే, నాలుగు జవాబుల్లో మూడు అక్కడే రాలిపోతాయి.

ఇది మొదలుపెట్టవలసిన నెల మార్చి కాదు, ఫస్ట్ పియుసి తలుపులు తెరిచే నెల. మొదటి రెండు వారాలు పాఠం ఆపినా ఫరవాలేదు. నోటుబుక్కులో మూడు నిలువు గళ్ళు గీసి, ఒకవైపు ఇంట్లో అనే మాట, నడుమ పదో తరగతిలో చదివిన కన్నడ మాట, మూడోవైపు ఇంగ్లీషు మాట రాయించాలి. నలభై మాటలుంటే యాంత్రికశాస్త్రం మొత్తానికి సరిపోతుంది. ఏ మాటతో మొదలుపెట్టాలని ఒక లెక్చరర్ అడిగితే, పీడనంతో అన్నాను. పుస్తకాల తెలుగు పీడనం వాళ్ళు ఎప్పుడూ విననే లేదు. ఇంట్లో అనేది ఒత్తిడి, కన్నడ పుస్తకంలో ఉన్నది ఒత్తడ. మొదటి వరుసలోనే రెండు గళ్ళు ఒకదానికొకటి చుట్టాలని పిల్లలకు తెలుస్తుంది, మూడో గడిలో ప్రెషర్ రాసుకోవడానికి చెయ్యి జంకదు.